కాలిఫోర్నియా తీరంలో పెయింట్‌బ్రష్ పువ్వును గుర్తుపట్టడం ఎలా?

మార్చి, ఏప్రిల్ నెలల్లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హైవే 1 మీద ఎటు వెళ్లినా, సముద్రం వైపు వాలుల్లో బూడిద పచ్చ పొదల మధ్య ఎర్రటి కుచ్చులు కనిపిస్తాయి. కుంచెను కుంకుమ నీళ్లలో ముంచి, తిరగేసి నేలలో గుచ్చినట్టు ఉంటాయి. అదే పెయింట్‌బ్రష్. ప్రజాతి పేరు కాస్టిలెయా. స్పెయిన్‌లోని కాడిజ్ నగరానికి చెందిన కాస్టియేహో అనే వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద పెట్టారు. ఇందులో దాదాపు 200 జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా పడమటి వైపువే.

"ఇది పెయింట్‌బ్రష్" అని చెప్పడం ఐదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. "ఇది ఏ పెయింట్‌బ్రష్" అన్న దగ్గరే చిక్కంతా. ఫోన్ యాప్‌కు ఎర్రటి కుచ్చు ఫొటో చూపిస్తే తీరంలో దేనికైనా "కోస్ట్ పెయింట్‌బ్రష్", అంటే కాస్టిలెయా అఫినిస్, అని చెప్పేస్తుంది. అది ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు. తేడా తేల్చే ఆనవాళ్లు నూగులో, ఆకులో ఉంటాయి. యాప్‌కు మీరు ఇచ్చే ఫొటోలో అవి ఉండవు.

పాత పుస్తకాల్లో "ఇండియన్ పెయింట్‌బ్రష్" అని ఉంటుంది. మన దేశానికి దానితో సంబంధమేమీ లేదు. అమెరికా మూలవాసులను అప్పట్లో పిలిచిన పేరు అలా అంటుకుంది. ఇప్పుడు చాలామంది ఉత్త పెయింట్‌బ్రష్ అనే అంటున్నారు. అయితే మనకు తెలిసిన చుట్టరికం ఒకటుంది. జొన్న చేలో కనిపించే జొన్న మల్లె, పొగాకు తోటలో కనిపించే పొగాకు మల్లె, ఈ పెయింట్‌బ్రష్ మూడూ ఒకే కుటుంబం: ఓరోబాంకేసి. పొగాకు మల్లెకు పచ్చదనం ఉండదు, ఆహారం కోసం పూర్తిగా పక్క మొక్క మీదే పడుతుంది. జొన్న మల్లెలాగే పెయింట్‌బ్రష్‌కు పచ్చటి ఆకులుంటాయి. తన తిండి తాను కొంత చేసుకుంటూనే, నేల లోపల పక్క మొక్క వేరును పట్టుకుని నీళ్లు, పోషకాలు లాగుతుంది. 2000కు ముందు అచ్చయిన పుస్తకాల్లో దీన్ని స్క్రోఫులేరియేసి కుటుంబంలో వెతకాలి. కుటుంబం మారింది గానీ మొక్క అదే.

ఏమేం కావాలి

10 రెట్లు పెద్దదిగా చూపే మడత భూతద్దం, కంసాలులు రాళ్లు చూడటానికి వాడేలాంటిది. మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న 15 సెం.మీ. స్కేలు. రెండు మూడు పళ్లపుల్లలు, పువ్వును తెంపకుండా విప్పి చూడటానికి. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత తువ్వాలు. ఒక నోటుపుస్తకం. భూతద్దం లేకపోతే ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్‌తో నెట్టుకురావచ్చు. రెండూ లేకుండా వెళ్తే ప్రజాతి వరకే చెప్పగలరు.

పువ్వు కోయకండి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో, నేషనల్ పార్క్ సర్వీస్ భూముల్లో కోయడం చట్టవిరుద్ధం. పైగా ఈ గైడ్‌లో చెప్పే ప్రతి పరీక్షా మొక్క మీదే చేయవచ్చు.

ఎప్పుడు, ఎక్కడ

పూత ముమ్మరంగా ఉండేది మార్చి నుంచి మే వరకు. పొగమంచు ఎక్కువగా పట్టే చోట్ల ఆ తర్వాత కూడా ఒకటీ అరా కుచ్చులు దొరుకుతాయి. పాయింట్ రేయస్‌లోని చిమ్నీ రాక్ కాలిబాట, పసిఫికాలోని మోరీ పాయింట్, శాన్ బ్రూనో మౌంటెన్, మాంటెరే దగ్గర పాయింట్ లోబోస్, అసిలొమార్ ఇసుక దిబ్బలు మొదలుపెట్టడానికి మంచి చోట్లు. పొద్దున వెళ్లండి. వసంతంలో ఈ తీరమంతా మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. ఊగే కుచ్చు మీద నూగు చూడటం, ఊగే దారంలో సూది గుచ్చడం ఒకలాంటివే. మరీ తెల్లవారుజామున వెళ్లినా ఇబ్బందే: మంచు తడి ఆరకముందు జిగురు పరీక్ష పనిచేయదు.

రెండు జాగ్రత్తలు. పెయింట్‌బ్రష్ ఇష్టపడే పొదల్లోనే పాయిజన్ ఓక్ కూడా ఉంటుంది. కాడకు మూడేసి ఆకులు, లేత ఆకులు ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటాయి. అది మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన మొక్క. తగిలితే దద్దుర్లు, బొబ్బలు రోజుల తరబడి వేధిస్తాయి. మామిడి సొన పడనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండోది కొండ అంచు. సముద్రపు అంచు మట్టి లోపల గుల్లగా ఉండి విరిగిపడుతుంది. మంచి కుచ్చు అంచు మీదే ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి, ఇవతల ఇంకోటి దొరుకుతుంది. ఇంటికొచ్చాక బట్టలు దులిపి, మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి.

మొదటి మెట్టు: ఇది అసలు పెయింట్‌బ్రష్షేనా?

కాగితం పూలు గుర్తు తెచ్చుకోండి. గులాబీ రంగులో మెరిసేవి రేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో సన్నటి తెల్ల గొట్టంలా ఉంటుంది. పెయింట్‌బ్రష్‌దీ అదే ఎత్తు. ఎర్రగా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం పుచ్ఛాలు, అంటే ప్రతి పువ్వు కింద ఉండే ఆకులాంటి భాగాలు. వాటి లోపల అంతే ఎర్రగా ఉండే రక్షక పత్రావళి గొట్టం. దాని లోపలి నుంచి పచ్చగానో, పసుపు పచ్చగానో, అంచుకు ఎర్ర గీతతోనో బయటికొచ్చే సన్నటి ముక్కు అసలు పువ్వు.

కుచ్చు మధ్య భాగంలో ఒక పుచ్ఛాన్ని పళ్లపుల్లతో మెల్లగా బయటికి వంచండి. అట్టడుగు పువ్వులు వాడి ఉంటాయి, పైవి ఇంకా విచ్చుకుని ఉండవు, అందుకే మధ్యవి. నాలుగు సంగతులు కనిపించాలి. రక్షక పత్రావళి గొట్టంలా ఉండి, కొనల దగ్గర నాలుగు తమ్మెలుగా చీలి ఉండాలి. ఆకర్షణ పత్రావళి రెండు పెదవులుగా ఉండాలి: పై పెదవి పొడుగాటి ముక్కు, కింది పెదవి చిన్న పచ్చటి బుడిపెలా, మూడు పళ్లతో, దాదాపు లేనట్టే. ముక్కు లోపల నాలుగు కేసరాలు దాక్కుని ఉండాలి. కొన నుంచి కీలాగ్రం చిన్న గుండులా బయటికి పొడుచుకు రావాలి. ఈ నాలుగింటితో పాటు, ఆకులు కాండం మీద ఒకటి విడిచి ఒకటి ఉండాలి, ఎదురెదురుగా కాదు.

ఈ చివరి మాట ఒక్కటే సగం పొరపాట్లను ఆపుతుంది. తీరంలో ఎర్రగా కనిపించే పూలలో చాలావాటికి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. హమ్మింగ్‌బర్డ్ సేజ్‌కు నలుపలకల కాండం, ఎదురెదురు ఆకులు, నలిపితే ఘాటైన వాసన. తులసి కుటుంబం కదా. స్కార్లెట్ బగ్లర్‌కు ఎర్ర గొట్టాలు విడివిడిగా వేలాడతాయి, ఆకులు ఎదురెదురు. ఇండియన్ పింక్ అనే పువ్వుకు ఐదు రేకులు, అంచులు చింపినట్టు ఉంటాయి. కాలిఫోర్నియా ఫ్యూషియా వేసవి చివర, ఇవన్నీ ఎండిపోయాక పూస్తుంది. దానికి నాలుగు విడి రేకులు, ఎనిమిది కేసరాలు.

అసలు మోసగాడు ఇండియన్ వారియర్. అదీ ఇదే కుటుంబం, అదీ పక్క వేళ్ల మీద బతికేదే, ఆకులూ ఒకటి విడిచి ఒకటే. కానీ ఆకు చూడగానే తేలిపోతుంది: ఫెర్న్ ఆకులా మళ్లీ మళ్లీ చీలి ఉంటుంది. పువ్వు ముదురు మెరూన్ రంగు. ఉండే చోటు ఓక్, మాంజనీటా నీడ. ఎండ పడే సముద్రపు వాలు దానికి సరిపడదు.

రెండో మెట్టు: కాండం, ఎదుగుదల

పెయింట్‌బ్రష్‌లలో ఏకవార్షికాలూ ఉన్నాయి, బహువార్షికాలూ ఉన్నాయి. మొదలు దగ్గర గడ్డి తప్పించి చూడండి. కాండం మొదలు చెక్కలా గట్టిపడి, పాత ఎండు కాడలు కూడా ఉంటే బహువార్షికం. ఒకే మెత్తటి కాండం, చిన్న వేరు, ఊదా గులాబీ పువ్వు, కింది పెదవి సంచిలా ఉబ్బి ఉంటే అది ఔల్స్ క్లోవర్ బాపతు. కాస్టిలెయా ఎక్సెర్టా అందులో బాగా కనిపించేది. దాన్ని కోస్ట్ పెయింట్‌బ్రష్ అని ఎవరూ పొరబడరు గానీ, ప్రజాతి మాత్రం అదే. శాన్ హోసే పక్కన కొయోటీ రిడ్జ్ మీద ఎగిరే బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక గొంగళి పురుగులు ముందు ప్లాంటాగో అనే చిన్న మొక్కను తిని, అది ఎండిపోతే ఔల్స్ క్లోవర్ మీదికి వస్తాయి. ఆ సీతాకోకచిలుక 1987 నుంచి సమాఖ్య ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంది.

ఎత్తును పెద్దగా పట్టించుకోకండి. అఫినిస్ మామూలుగా 15 నుంచి 60 సెం.మీ. ఉంటుంది. ఉప్పుగాలి నేరుగా కొట్టే అంచు మీద జానెడు దాటదు, పది అడుగులు లోపలికి పొద చాటున అదే మొక్క మోకాలెత్తు పెరుగుతుంది. ఉప్పుగాలి ఇంకో పని కూడా చేస్తుంది: ఆకుల్ని పొట్టిగా, మందంగా చేస్తుంది. అలాంటి మొక్కను చూసి, పుట్టుకతోనే పొట్టి, మందపాటి ఆకులుండే మాంటెరే పెయింట్‌బ్రష్ అనే వేరే జాతి అని రాసేయడం తరచూ జరిగే తప్పు. కాబట్టి కొలతలు ఎప్పుడూ గాలి చాటున ఉన్న మొక్క మీద తీసుకోండి. ఒక్క మొక్క చాలదు, ఒకే గుంపులో మూడింటిని కొలవండి.

మూడో మెట్టు: నూగు

ఇక్కడ తొందరపడకండి. తీరపు పెయింట్‌బ్రష్‌లను విడదీసే పనిలో సగం ఇదే.

తువ్వాలు వేసుకుని మోకాళ్ల మీద కూర్చోండి. మొక్క మీకూ సూర్యుడికీ మధ్యలో ఉండేలా చూసుకోండి. వెనక నుంచి వెలుతురు పడితే కాండం అంచున నూగు వెండి తీగల్లా మెరుస్తుంది. ముందు నుంచి పడితే ఏమీ కనిపించదు. భూతద్దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని, తలనే మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. అద్దాన్ని చేతికందినంత దూరం చాచి చూస్తే మసకే.

చూడాల్సింది కుచ్చు కింద కాండం, దాని మీది ఆకులు. కుచ్చులోని నూగు మీద తీర్పు చెప్పకండి. మిగతా మొక్కంతా పొడిగా ఉన్న అఫినిస్‌కు కూడా పూల దగ్గర కొంచెం జిగురు నూగు ఉండవచ్చు.

మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది బిరుసైన, సూటిగా నిలబడ్డ వెంట్రుకలు. కొమ్మలు లేవు, కొనల మీద బొట్లు లేవు, వేలితో నిమిరితే పొడిగా గరగరమంటుంది. ఇది అఫినిస్ వైపు చూపిస్తుంది. రెండోది కొనకు గుండుసూది తలలాంటి మెరిసే బొట్టు ఉన్న వెంట్రుకలు. వేలు పెట్టి తీస్తే జిగురుగా పట్టుకుంటుంది, ఆకుల మీద ఇసుక రేణువులు, చిన్న చిన్న ఈగలు అంటుకుని ఉంటాయి. ఇది కాస్టిలెయా వైటియై, వైట్ పెయింట్‌బ్రష్. ఆ వైట్ ఒక మనిషి పేరు, తెలుపు అని కాదు, పువ్వు ఎర్రగానో పసుపుగానో ఉంటుంది. మూడోది దూదిలా తెల్లగా అల్లుకుపోయిన నూగు. భూతద్దంలో ఒక్కో వెంట్రుకా చెట్టు కొమ్మలా చీలి ఉంటుంది. ఇది కాస్టిలెయా ఫోలియోలోసా, ఊలీ పెయింట్‌బ్రష్. కొంచెం లోపలి పొడి కొండల్లో, చాపరాల్ పొదల్లో ఎక్కువ. దూరం నుంచే మొక్క బూడిద తెలుపుగా కనిపిస్తుంది. కానీ దుమ్ము పట్టిన అఫినిస్ కూడా అలాగే కనిపిస్తుంది, కాబట్టి చీలిన వెంట్రుక కంటితో చూస్తేనే ఆ పేరు రాయండి.

జిగురు పరీక్షలో మోసపోయే మార్గాలు మూడు. మంచు తడి. మీ వేళ్ల మీది సన్‌స్క్రీన్. పక్కనున్న జిగురు మొక్కకు తగిలి వచ్చిన వేలు. వేలు తుడుచుకుని, రెండు వేర్వేరు ఆకుల మీద పరీక్షించి, ఆ తర్వాత భూతద్దంలో బొట్టు కనిపించిందా లేదా చూడండి. వేలికీ కంటికీ కుదరకపోతే కంటి మాటే వినండి.

నాలుగో మెట్టు: ఆకులు

కాండం మధ్య భాగంలోని ఆకును కొలవండి. అఫినిస్ ఆకు బల్లెం ఆకారంలో, సన్నగా, సుమారు 2 నుంచి 8 సెం.మీ. పొడుగుంటుంది. కింది ఆకులు చీలకుండా ఉంటాయి. పైవాటికి ఒకటి రెండు జతల సన్నటి తమ్మెలు రావచ్చు. వైటియైకి ఆకుల గ్రీవాల్లో, అంటే ఆకు కాండాన్ని కలిసే మూలల్లో, చిట్టి చిట్టి ఆకుల గుత్తులు పుట్టి, కాండమంతా గుబురుగా, ఖాళీ లేకుండా కనిపిస్తుంది. మొక్క కూడా కొమ్మలు వేసి పొదలా ఉంటుంది. జిగురు, గుబురు రెండూ కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

మాంటెరే పెయింట్‌బ్రష్, కాస్టిలెయా లాటిఫోలియా, వేరే రూపం. ఆకులు పొట్టి, గుండ్రటి కొన, మందం, దాదాపు 2 సెం.మీ. లోపే. ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కాండాన్ని కప్పేస్తాయి. పుచ్ఛాలు కూడా వెడల్పుగా, మొద్దు కొనలతో ఉంటాయి. ఇది మాంటెరే, శాంటా క్రూజ్ ప్రాంతపు ఇసుక దిబ్బలకు, అంచులకు పరిమితమైన మొక్క. పాయింట్ లోబోస్‌లోనో అసిలొమార్‌లోనో చూస్తే ఈ పేరు ముందు తలచుకోండి. శాన్ డియేగోలో చూస్తే తలచుకోకండి.

సోనోమా దాటి మెండొసీనో, హంబోల్ట్ తీరాలకు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ మందపాటి ఆకుల మెండొసీనో పెయింట్‌బ్రష్, ఇంకా పైకి ఒరెగాన్ వైపు కాస్టిలెయా లిటోరాలిస్ కూడా కలుస్తాయి. రెండూ కాలిఫోర్నియాలో అరుదైన మొక్కల జాబితాలో ఉన్నవే. అక్కడ ఈ గైడ్‌లోని కొలతలను గుడ్డిగా వాడకండి.

ఐదో మెట్టు: పువ్వు లోపల

పళ్లపుల్లతో వంచిన అదే పువ్వు దగ్గరికి మళ్లీ రండి. రక్షక పత్రావళి గొట్టం ముందు వైపు, అంటే పుచ్ఛం వైపు, ఎంత లోతుగా చీలిందో చూడండి. తర్వాత వెనక వైపు, అంటే కాండం వైపు. తర్వాత పక్కలు.

అఫినిస్‌కు ముందూ వెనకా చీలికలు ఇంచుమించు సమానం, గొట్టం పొడుగులో సగం దాకా వస్తాయి. పక్కల చీలికలు తక్కువ లోతు. ఊలీ పెయింట్‌బ్రష్‌కు పక్కల చీలిక దాదాపు ఉండదు, తమ్మె గుండ్రంగా ముగుస్తుంది. నూగు చూసి అనుమానం మిగిలితే ఇది తేలుస్తుంది. ముందు చీలిక వెనక చీలిక కన్నా బాగా లోతుగా ఉండి, ఆ చీలికలోంచి పొడుగాటి ముక్కు వంపు తిరిగి బయటికి వాలి ఉంటే, అది కాస్టిలెయా సబ్‌ఇన్‌క్లూసా. తీరంలో దొరికే ఉపజాతి ఫ్రాన్సిస్కానా. దాని ఆకులు సన్నగా, చీలకుండా ఉంటాయి. పక్క నుంచి చూస్తే కుచ్చులోంచి పచ్చటి కొంకీలు వేలాడుతున్నట్టు ఉంటుంది.

పువ్వు మొత్తం పొడుగు, గొట్టం అడుగు నుంచి ముక్కు కొన దాకా, అఫినిస్‌కు సుమారు 25 నుంచి 40 మి.మీ. దీన్ని కొలవడానికి కోయక్కర్లేదు. కుచ్చు కింద రాలిన పువ్వుల్లో చెక్కుచెదరనిది తీసుకుని స్కేలు మీద పెట్టండి. ఎండితే కొంచెం ముడుచుకుంటుంది, కాబట్టి ఆ రోజు రాలినదే చూడండి.

ఆఖరి మెట్టు: రంగు

రంగును ఆఖరికి ఉంచడానికి కారణం ఉంది. ఒకే గుంపులో, ఒకే జాతిలో ముదురు ఎరుపు, నారింజ, లేత పసుపు పక్కపక్కనే ఉంటాయి. ఎరుపు వర్ణకం తగ్గిన మొక్క పసుపుగా కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. పూత ముదిరేకొద్దీ రంగు వెలుస్తుంది కూడా. పసుపు పువ్వు చూడగానే అరుదైనది దొరికిందని పండగ చేసుకోకండి.

ఒక్క సందర్భంలో మాత్రం పసుపు ముఖ్యం. అఫినిస్‌లోనే నెగ్లెక్టా అనే రూపం ఉంది, టిబురాన్ పెయింట్‌బ్రష్ అంటారు. మెరిన్ కౌంటీలోని టిబురాన్ ద్వీపకల్పం మీద రింగ్ మౌంటెన్, శాంటా క్లారా కౌంటీలోని కొయోటీ రిడ్జ్ లాంటి కొద్ది చోట్ల, సర్పెంటైన్ రాతి నేలలోనే ఉంటుంది. ఆ రాయి పచ్చగా, నున్నగా, జిడ్డు మెరుపుతో ఉంటుంది కాబట్టి నేల చూసి గుర్తుపట్టవచ్చు. 1995 నుంచి ఇది సమాఖ్య ప్రభుత్వ అంతరించిపోతున్న మొక్కల జాబితాలో ఉంది. అక్కడ బాట దిగకండి. ఫొటో పెట్టేటప్పుడు ఖచ్చితమైన చోటు చెప్పకండి. మొక్కలు, జంతువుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ యాప్ చాలా అరుదైన జాతుల చోటును తనే మసక చేస్తుంది, కానీ మీరు పొరపాటున మామూలు అఫినిస్ అని పేరు పెడితే ఆ మసక పడదు. ఫొటో వివరణలో కాలిబాట పేరు రాసేసినా అంతే.

సియాటిల్ వైపు ఉండేవాళ్లకు ఒక మాట. అక్కడి తీర మైదానాల్లో, విడ్బీ ద్వీపం లాంటి చోట్ల, కాస్టిలెయా లెవిసెక్టా అనే బంగారు పెయింట్‌బ్రష్ ఉంది. పుచ్ఛాలు పసుపు, పువ్వులు వాటిలో దాదాపు మునిగి ఉంటాయి. 1997లో రక్షణ జాబితాకెక్కి, విత్తనాలు చల్లి కొత్త గుంపులు పెంచాక 2023లో జాబితా నుంచి బయటికొచ్చింది. దాని పక్కన ఎర్రటి కాస్టిలెయా హిస్పిడా పెరిగితే రెండూ సంకరమవుతాయి. అక్కడ నారింజ రంగు కనిపిస్తే సంకరమేమో అని అడగాల్సిందే.

తేలకపోతే ఏం రాయాలి

కాలిఫోర్నియాలోనూ సంకరాలు తక్కువేం కాదు. అఫినిస్, వైటియై కలిసి పెరిగే చోట సగం జిగురు, సగం బిరుసు ఉన్న మొక్కలు దొరుకుతాయి. ఆకు ఒకటి చెబుతుంది, నూగు ఇంకోటి చెబుతుంది. మీ చూపులో లోపమేమీ లేదు, మొక్కే అలా ఉంది. అలాంటప్పుడు బలవంతంగా ఒక పేరు తగిలించకుండా "కాస్టిలెయా" అని ప్రజాతి దగ్గర ఆపి, కింద "నూగు జిగురు, ఆకు 5 సెం.మీ., గుత్తులు లేవు" అని రాయండి. తప్పు జాతి పేరు కన్నా ఆ ఒక్క వరుస ఎక్కువ పనికొస్తుంది.

ఫొటోలు ఈ వరుసలో తీయండి. చుట్టుపక్కల నేలతో సహా మొక్క మొత్తం. కాండం మొదలు. మధ్య ఆకు, పక్కన స్కేలు పెట్టి. వెనక వెలుతురులో కాండం మీది నూగు. ఒక పుచ్ఛం విప్పి ముందు నుంచి. ఒక పువ్వు పక్క నుంచి, ముక్కు, రక్షక పత్రావళి చీలికలు కనిపించేలా. చివరికి అందరూ తీసే ఎర్రటి కుచ్చు. నడి ఎండలో ఫోన్ కెమెరా ఎరుపును ఒకే ముద్దగా మార్చేస్తుంది. తెర మీద కుచ్చును తాకి వెలుతురును కొంచెం కిందికి దించండి, లేదా మీ నీడ పడేలా నిలబడండి. మబ్బు రోజు అయితే ఈ బాధే లేదు.

చుట్టూ ఏ మొక్కలున్నాయో కూడా రాసుకోండి: కయోటీ బ్రష్, కాలిఫోర్నియా సేజ్‌బ్రష్, లిజార్డ్ టెయిల్, బక్‌వీట్, గడ్డి, లూపిన్. వీటిలో ఏదో ఒకదాని వేరు మీదే మీ పెయింట్‌బ్రష్ ఆధారపడి ఉండవచ్చు. లూపిన్ పక్కన ఉన్నవి దాని వేళ్ల నుంచి చేదు ఆల్కలాయిడ్లు కూడా లాక్కుంటాయి. అందుకని పువ్వు తేనె రుచి చూద్దామనుకునే పిల్లల్ని ఆపండి. తవ్వి ఇంటికి తెచ్చుకుందామన్న ఆలోచనకూ ఇదే జవాబు: తవ్వగానే ఆ వేళ్ల ముడి తెగుతుంది, కుండీలో మొక్క వాడి చస్తుంది. పెరట్లో కావాలనుకుంటే స్థానిక మొక్కల నర్సరీలో విత్తనాలో, ఆతిథ్య మొక్కతో కలిపి పెంచిన కుండీయో కొనండి.

వీలైతే అదే చోటికి జూన్‌లో మళ్లీ వెళ్లండి. రంగు పోయి, కుచ్చు గోధుమ రంగుకు తిరిగి, ఎండిన పుచ్ఛాల మధ్య ఇంచుమించు సెంటీమీటరు పొడుగున్న గుళికలు నిలబడి ఉంటాయి. ఒకటి తనంతట తాను పగిలి ఉంటే అరచేయి కింద పెట్టి కాడను మెల్లగా తట్టండి. ఆవగింజ కన్నా చిన్న విత్తనాలు రాలుతాయి. భూతద్దంలో చూస్తే విత్తనం చుట్టూ పల్చటి వల, తేనెపట్టు గదుల్లా గళ్లుగళ్లుగా ఉంటుంది. ఆ వల కనిపిస్తే పువ్వు చూడకపోయినా పెయింట్‌బ్రష్ బాపతేనన్న నమ్మకం బాగా బలపడుతుంది. చూశాక విత్తనాల్ని అక్కడే రాల్చేసి రండి.